చింతపండుతో తోమిన ముఖాలు

గడ్డమున్న ప్రెసిడెంటు బుగ్గ మీది ముదురు గోధుమరంగు కరిగి, చింతపండు గుజ్జుతో కలిసి నా వేళ్ళ సందుల్లోంచి జారింది. కింద లేత గులాబీరంగు బయటపడింది. చర్మం ఒలిచినట్టు. నా చేయి ఒక్క క్షణం ఆగింది. తప్పు చేస్తున్నానని మొదట తెలిసింది ఆ క్షణంలోనే. ఆరేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పుడు ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. పక్కింటి ముసలాయనని మా పిల్లలు గ్రాండ్‌పా అనేవారు. చలికాలం ఫ్లోరిడా వెళ్తూ ఇంటి తాళంచెవి నాకిచ్చాడు. ఆయన హాల్లో అద్దాల బీరువా ఉండేది. అందులో పన్నెండు పాత కంచు పతకాలు, ఒక్కోదాని మీద ఒక్కో ప్రెసిడెంటు ముఖం. నలభై ఏళ్ళపాటు వెతికి సేకరించినవి.

"మొక్కలకి నీళ్ళు పొయ్యమ్మా. మా ప్రెసిడెంట్లకి మాత్రం వద్దు. వాళ్ళు స్నానం మానేసి వందేళ్ళయింది" అన్నాడు. జోకనుకుని నవ్వాను.

ఆయన రేపొస్తాడనగా మా దేవుడి సామాన్లు తోముకుంటుంటే ఆ నల్లబడ్డ ముఖాలు గుర్తొచ్చాయి. పాపం, తోమిపెట్టే వాళ్ళెవరున్నారు ఆయనకి? ఇండియా నుంచి తెచ్చుకున్న చింతపండు, ఉప్పు పట్టుకుని పిల్లలతో వెళ్ళాను. ఐదేళ్ళ పెద్దమ్మాయి టవల్‌తో తుడిచి వరసగా పేర్చింది. మొదటి బుగ్గ దగ్గరే ఎందుకు ఆగలేదు? ఒకటి మెరుస్తూ పదకొండు నల్లగా ఉంటే దొరికిపోతానని అన్నీ తోమేశాను. అన్నీ అప్పుడే నిద్రలేచినట్టు మా వైపే చూశాయి.

మర్నాడు సాయంత్రం ఆయన పిలిచాడు.

"ఎవరు చేశారిది? వీటి విలువంతా ఆ నల్లరంగే. అది రావడానికి వందేళ్ళు పట్టింది. ఇక రాదు."

"నాకు తెలీదు. మీ అమ్మాయి వచ్చినట్టుంది" అన్నాను. ఆవిడ దగ్గర ఇంకో తాళంచెవి ఉండేది.

ఆయన ఒక పతకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. మా ఇంట్లో ఎన్నిసార్లు చారు తాగిన మనిషి! నా వైపు చూడకుండా "సరే" అన్నాడు. ఆ వారమే తాళం మార్పించాడు. మంచులో నిలబడి కూతురు తలుపు కొడుతూ ఉండడం మా వంటింటి కిటికీలోంచి చూశాను. తలుపు తెరుచుకోలేదు. రెండేళ్ళకి ఆయన పోయాడు. నా మాట నమ్మాడా? లేక అంతా తెలిసే, నన్ను నిలదీయడం కన్నా కూతుర్ని వదులుకోవడమే తేలికనుకున్నాడా?

పెద్దమ్మాయికిప్పుడు పదకొండేళ్ళు. ఇందాక నిద్రలోంచి లేచొచ్చింది. "అమ్మా, మళ్ళీ ఆ షైనీ ఫేసెస్ డ్రీమ్ వచ్చింది. ఎంత తుడిచినా ఇంకా తడిగానే ఉన్నాయి."

అది కల కాదు. ఈ ఒక్క మాట రాయడానికే కూర్చున్నాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఆయన అడిగిన మర్నాడు పొద్దున, సీరియల్ తింటున్న పిల్లలిద్దరికీ చెప్పాను: "మనం గ్రాండ్‌పా ఇంట్లో ఏమీ ముట్టుకోలేదు. మీకు కలొచ్చింది."