వెనక్కి పిలవని కొండ

కంప్యూటర్ పని తెలిసిన ప్రతివాడికీ ఏదో ఒక దేశం నుంచి పిలుపు వచ్చే రోజులవి. మా ఆయనకు మాత్రం భూగోళం నడినెత్తి నుంచి వచ్చింది. నార్వేలో, ధ్రువానికి దగ్గరగా, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కడ చేపలు ఎగుమతి చేసే కంపెనీకి ప్రోగ్రాములు రాయాలి. ముందు నెల రోజులు చూసి, నచ్చితే రెండేళ్ళు ఉండిపోవచ్చు.

సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా ఫ్లాటు వంటింటి గుమ్మంలో నిలబడి, "వస్తావా?" అని అడిగారు.

నాకు వెళ్ళాలనే ఉంది. ఉందని చెప్పడం మా ఇంటావంటా లేదు. మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. ఆ కొట్టులో కూర్చుని పెరిగినదాన్ని నేను. నచ్చిన బిందెని ముందు సొట్ట ఉందనాలి. తర్వాత అక్కర్లేదని గుమ్మం దిగిపోవాలి. వెనక నుంచి "అమ్మా, ఒక్కమాట!" అని పిలుపు రావాలి. అసలు బేరం అక్కడ మొదలవుతుంది.

"మీరెళ్ళండి. నేనిక్కడే ఉంటాను," అన్నాను, తాలింపు మీంచి కళ్ళు తిప్పకుండా. బతిమాలతారనుకున్నాను. సముద్రం కనిపించే ఇల్లు తీసుకుంటానంటారు, ఎండాకాలం సెలవులకి మా అమ్మ దగ్గరికి పంపుతానంటారు. అన్నిటికీ జవాబులు సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆయన "సరే" అన్నారు.

మేష్టార్ల ఇంట్లో పుట్టారు. ధర చీటీ మీద ఎంత రాసుంటే అంత ఇచ్చి, పైగా థాంక్స్ చెప్పి వచ్చే వంశం. ఆ సంగతి తెలిసి కూడా, ఈయన కూడా బేరం నేర్చారే అని మురిసిపోయాను.

ఆయన వెళ్ళిన మూడో వారంలో నేను చూడ్డానికి బయల్దేరాను. చూడ్డానికేనని నొక్కి చెప్పాను. ఏడాది పొడుగునా చెమటలు పట్టే సింగపూర్లో చలికోట్లు అమ్మే కొట్టొకటి ఒక మాల్ కింది అంతస్తులో ఉంది. "ఫిక్స్‌డ్ ప్రైస్ లా, ఆంటీ," అన్నాడు కొట్టు చైనీస్ పెద్దాయన, మాట చివర 'లా' తగిలించే అక్కడి యాసలో. నాకప్పటికి ముప్పై నిండలేదు. ఆ పిలుపుకి మండి, కోటు బల్లమీద పడేసి నడిచాను. ఎస్కలేటర్ మీద కాలు పెడుతుంటే వెనక నుంచి కేక: "ఆంటీ! కమ్, కమ్!" ఏ దేశమైనా కొట్టు కొట్టేనని ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యంతోనే నార్వేలో దిగి, ఆదివారం కొండెక్కాను.

మమ్మల్ని తీసుకెళ్ళింది ఆయన ఆఫీసులో పనిచేసే ఒకావిడ. బూట్ల కింద కట్టుకోమని ఇనప పళ్ళున్న పట్టీలిచ్చింది. వాళ్ళ లెక్కలో అది వసంతమట. రోడ్డు పక్కన కొయ్య పందిళ్ళకి చేపలు వేలాడదీసి ఎండబెడుతున్నారు. ఇంత దూరం వస్తే మా ఊరి చేపల రేవు వాసనే ఎదురైంది. కొంచెం పైకెక్కి చూద్దును కదా, కింద బీచి. తెల్లటి ఇసక, ఇసక అంచుదాకా తెల్లటి మంచు, ఎక్కడ ఏది ఆగిందో తెలీదు. నీళ్ళు గాజుసీసాలా పచ్చగా ఉన్నాయి. సింగపూర్లో పాసిర్ రిస్ బీచి ఒడ్డున చాప పరుచుకుని పులిహోర తిన్నదాన్ని. సముద్రం పక్కన మంచు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అందానికి నోరు తెరిస్తే చలికి పళ్ళు జివ్వుమన్నాయి.

సగం కొండ ఎక్కేసరికి మోకాళ్ళు మొరాయించాయి. కాసేపు ఆగమంటే ఆగేవాళ్ళే. కానీ అలవాటు ఊరుకోదు కదా.

"నా వల్ల కాదు. నేను దిగిపోతున్నా," అన్నాను.

ఆవిడ తల ఊపింది. "మంచి నిర్ణయం. మా దగ్గర కొండ మీద దిగుతానన్నవాళ్ళని బలవంతం చెయ్యం," అంది ఇంగ్లీషులో. అడుగులు పడి గట్టిపడిన దారిని, కింద కనిపిస్తున్న కారుని వేలితో చూపించి, తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. మా ఆయన, "హీటర్ వేసుకో," అన్నారు.

తాళంచెవి పట్టుకుని నడిచాను. మెల్లగా నడిచాను, పిలవడానికి వ్యవధి ఇవ్వాలి కదా. ఒక బండ దాటాను. గాలి తప్ప ఏమీ లేదు. ఇక లాభం లేదని వెనక్కి తిరిగి చూశాను. వాళ్ళ వీపులు కనిపించాయి. ఆయన ఎర్ర టోపీ పైపైకి పోతోంది. ఒక్కసారి కూడా తిరగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది వంటింట్లో ఆయనన్న "సరే." ఆ సరే కూడా ఈ వీపులాంటిదేనా?

మోకాళ్ళ సంగతి మర్చిపోయాను. "ఏవండీ! ఏవండోయ్!" అని అరుస్తూ, చేతులు నేలకానించి ఎక్కాను. గాలి నా కేకల్ని సముద్రంలో పారేసింది. వాళ్ళు ఫ్లాస్కులో కాఫీ తాగడానికి ఆగారు గనక అందుకోగలిగాను.

"ఏమైంది? పడ్డావా?" ఆయన కంగారుగా లేచారు.

"మీరు కంపెనీ వాళ్ళకేం చెప్పారు? రెండేళ్ళ సంగతి?"

"ఒప్పుకున్నానని చెప్పేశానుగా. శుక్రవారమే. ఒక గది కూడా చూసుకున్నా, ఒక్కడికి సరిపోతుంది."

"ఒక్కడికా?"

"నువ్వేగా ఉండిపోతానన్నావు?"

"అంటే మాత్రం? మళ్ళీ అడగరా?"

ఆయన నా మొహంలోకి నిజంగానే అర్థంకానట్టు చూశారు. "అడిగితే బలవంతం చేసినట్టుంటుందని అడగలేదే. రెండు వారాలు నిద్రపట్టలేదు నాకు. నీకు ఇష్టం లేదనుకున్నా."

నేను అక్కడే మంచులో కూలబడ్డాను. రాబోయే రెండేళ్ళ కాపురాన్ని సొట్టబిందెలా పక్కకి తోసి గుమ్మం దిగాను. పిలిచేవాడు లేడని తెలియడానికి ఇంత ఎత్తు ఎక్కాల్సొచ్చింది. ఆవిడ ఏం జరుగుతోందో తెలియక, కాఫీ కప్పు నా చేతికిచ్చింది.

"నేనూ వస్తాను," అన్నాను. జీవితంలో ఏదీ అలా అడగలేదు, చంకలో ఇంకో మాట దాచుకోకుండా.

"నిజమా, బేరమా?"

"నిజం."

"గది చిన్నది. సముద్రం వైపు కిటికీ కూడా లేదు."

నోటిదాకా వచ్చిన బేరాన్ని కాఫీతో మింగేశాను. "పర్లేదండీ," అన్నాను. ఆయన నా చేతి గ్లవ్ తీసి, వేళ్ళు తన అరచేతుల్లో పెట్టి రుద్దారు.

సామాన్లు సర్దుకోవడానికి సింగపూర్ వచ్చినప్పుడు, ఇంకో కోటు కోసం ఆ కొట్టుకే వెళ్ళాను. పెద్దాయన నన్ను గుర్తుపట్టి ధర చెప్పాడు. నేను కదలకపోయేసరికి ఎస్కలేటర్ వైపు చెయ్యి చూపించి నవ్వాడు. "గో లా, ఆంటీ. యూ వాక్, ఐ కాల్."

పిలుస్తాడని నాకూ తెలుసు. అయినా కోటు రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.