చెంబెడు నీళ్లు, చివరి తీగ దాకా

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు బడిలో, మూడో పీరియడ్ మధ్యలో తెలిసింది. ఫోన్ మీద మామ పేరు చూసి, ఆదివారం ఎంతమంది వస్తున్నారో అడగడానికి చేశాడనుకున్నాను. ద్రాక్ష కోతకు వచ్చే రోజుల్లో మా ఇద్దరి మధ్య వేరే మాటలుండవు. కానీ మామ, "మీ అత్త లేదు బిడ్డా. పొద్దుగాల సల్ల చిలుకుకుంట కవ్వం పట్టుకొనే ఒరిగింది" అన్నాడు. బోర్డు మీద సగం చేసిన లెక్కను అలాగే వదిలేసి బయటికి వచ్చాను. పిల్లలు ఆ మిగతా సగం ఎవరితో చేయించుకున్నారో నాకిప్పటికీ తెలియదు.

ఆమెను మీలో కొందరు చూసే ఉంటారు. దుబల్గుండి దాటాక మట్టి రోడ్డు మీద మా తోటకు కార్లేసుకొని వచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, భోజనం అయ్యాక మీ చేతికి నిండు చెంబు ఇచ్చింది ఆమే. పొట్టి మనిషి. మీ ముఖం చూడకుండా మీ కాళ్ల దగ్గర నేలను చూస్తూ నిలబడ్డ ఆవిడ. అది ఏదో పాతకాలపు ఆచారమని మీకు చెప్పింది నేనే. ఆ అబద్ధం ఇవాళ దిద్దుకుంటున్నాను.

మామ మా అమ్మకు తమ్ముడు. నాలుగెకరాల్లో వైన్‌కు పనికొచ్చే ద్రాక్ష వేసి ఒక కంపెనీకి ఇస్తాడు. నేను బీదర్‌లో, చిద్రిలో ఉండి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఆ కంపెనీ మేనేజర్‌కు ఒక ఆలోచన వచ్చింది. చలికాలం ఆదివారాల్లో హైదరాబాదు నుంచి, కలబురగి నుంచి జనాన్ని పిలిపిస్తాడు. వాళ్లు తోట తిరిగి చూస్తారు, రేకుల షెడ్డులో కూర్చొని నాలుగు రకాల వైన్ రుచి చూస్తారు, ఆ తర్వాత మా ఇంట్లో రైతు భోజనం చేస్తారు. తోట తిప్పి చూపించే పని నాకు, మాట్లాడడం అలవాటే కాబట్టి. అందరం ఒప్పుకున్నాం. వండాల్సిన మనిషిని మాత్రం ఎవరమూ అడగలేదు.

అత్తమ్మ పుట్టిల్లు కమలనగర్ వైపు. ఆమె ఒక్కగానొక్క తమ్ముడు ఎవరిదో పెళ్లిలో తాగి, మోటారు సైకిల్ మీద బయలుదేరి ఇల్లు చేరలేదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ద్రాక్ష పండించడం మీద ఆమెకు పేచీ లేదు. పండు పండే, దాన్ని ఏం చేసుకుంటారో కొన్నవాళ్ల కర్మ అనేది. తాగి వచ్చినవాళ్లకు తన చేత్తో వడ్డించమనడం మాత్రం వేరే సంగతి. ఆమెకు కోపం వస్తే నోట్లోంచి పుట్టింటి మరాఠీ వచ్చేది. మూడు రోజులు వంటింట్లో గిన్నెలన్నీ మరాఠీ విన్నాయి. నాలుగో రోజు మామకు అన్నం పెడుతూ తేల్చి చెప్పింది.

"తాగుడు ఆళ్ల ఇష్టం. చాబీలు నా ఇష్టం."

అలా మొదలైంది. ఉప్పు పోసుకునే పెద్ద జాడీ ఖాళీ చేసి, కడిగి ఎండబెట్టి గడప పక్కన పెట్టింది. కారు దిగినవాళ్లు తాళంచెవి అందులో వేశాకే తోటలోకి అడుగు. రుచి చూడడం, భోజనం, కాసేపు చాప మీద నడుం వాల్చడం, అన్నీ అయ్యాక ఒక్కొక్కరి చేతికి అంచు దాకా నింపిన రాగి చెంబు ఇచ్చేది. తోటలో మొదటి వరుస పట్టుకొని నడిచి, చివరి తీగ మొదట్లో ఆ నీళ్లు పోసి రావాలి. ఆమె ఈ చివర నిలబడి నేల చూసేది. నీళ్లు తొణికిన మచ్చ లేకపోతే జాడీలోంచి తాళంచెవి తీసి ఇచ్చేది. మచ్చలుంటే, కూర్చోబెట్టి సల్ల పోసి, ఓ గంట ఆగి మళ్లీ చెంబు ఇచ్చేది. మూడుసార్లు నడిచినవాళ్లూ ఉన్నారు. ఇంత తిప్పలెందుకు, మనిషిని చూస్తే తెలియదా అని ఒకసారి అడిగాను.

"తాగినోడు మాట దాస్తడు, నడక దాస్తడు. నీళ్లు దాయవు బిడ్డా" అంది.

వచ్చినవాళ్లకు ఇదంతా తెగ నచ్చింది. చెంబు పట్టుకొని ఫొటోలు దిగేవాళ్లు. మేనేజర్ తన రంగుల కాగితంలో దాన్ని ఈ నేల రైతులు తీగకు చెప్పుకునే కృతజ్ఞత అని అచ్చు వేయించాడు. నేనూ ముఖం మార్చకుండా అదే చెప్పేదాన్ని. నా ఇంగ్లీషు అత్తమ్మకు అర్థం కాకపోయినా నేనేదో కోతలు కోస్తున్నానని తెలిసిపోయేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. ఇంతకీ ఆ మర్యాద వల్ల చెడింది ఆ తీగే. ఆదివారం ఆదివారం అన్ని చెంబుల నీళ్లు తాగి ఆకు గుబురెక్కింది, పండు నీరుకారింది. ఈ ఒక్క చెట్టు పండు వైన్‌కు పనికిరాదని మేనేజర్ పక్కకు పెట్టించాడు. ఆ గుత్తులన్నీ మా ఇంటికే వచ్చేవి.

పండు సంగతిలో మేనేజర్‌కూ ఆమెకూ ఎప్పుడూ పడేది కాదు. ఆయన దగ్గర తీపి కొలిచే గొట్టం ఉండేది. రసం చుక్క వేసి, కంటికి పెట్టుకొని చూసి, కోయొచ్చు అనేవాడు. అత్తమ్మ ఒక పండు నోట్లో వేసుకొని, గుజ్జు మింగి, గింజను పంటి కింద పెట్టి కొరికేది. పటుక్కుమంటే సరే. మెత్తగా నలిగితే ఇంకో నాలుగు రోజులు ఆగమనేది. "తీపు మన నోటికి. గింజ చెట్టుకు. చెట్టు మాట వినాలె" అనేది. నేను పదో తరగతి పిల్లల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఈ మాట చాలాసార్లు గుర్తుకొస్తుంది. తీయగా చెప్పే పిల్లలుంటారు, గింజ పండిన పిల్లలుంటారు.

వాళ్లిద్దరికీ ఇంకో తగాదా వెల్లుల్లి మీద. ఉత్త కడుపున తాగకూడదని, వైన్ పోయకముందే షెడ్డులోకి జొన్న రొట్టె ముక్కలు, ఎల్లిపాయ కారం పంపేది. ఆ కారం తిన్న నాలుకకు నాలుగు వైన్లూ ఒక్కలాగే ఉంటాయని మేనేజర్ మొత్తుకునేవాడు. ఉంటే ఉండనీ, అన్నీ ద్రాక్షలే కదా అనేది ఆమె. జనం మాత్రం రెండో గ్లాసు కన్నా రెండో రొట్టె కోసమే ఎక్కువ చేతులు చాపేవాళ్లు.

అలాగని ఆమె మొండి మనిషి కాదు. ఒకసారి హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన తనే కారు నడుపుకుంటూ భార్యను తీసుకొని వచ్చాడు. చేతులు వణికే జబ్బు. చెంబు చూడగానే ఆయన ముఖం చిన్నబోయింది. షెడ్డులో ఆయన గ్లాసు ముట్టుకోలేదని అత్తమ్మ అప్పటికే కనిపెట్టింది. చెంబులో సగం నీళ్లు పారబోసి, ఆయనతో పాటు నడుస్తూ, తన అరచెయ్యి చెంబు కింద పెట్టింది. ఇద్దరూ చివరి దాకా వెళ్లి పోసి వచ్చారు. వెనక్కి వచ్చేటప్పుడు ఏం మాట్లాడుకున్నారో గానీ ఆయన నవ్వుతూ వచ్చాడు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

ఒక ఆదివారం మేనేజర్ కూడా జనంతో కూర్చొని తాగాడు. కాస్త ఎక్కువే తాగాడు. సాయంత్రం తమ ఊరు కలబురగిలో మీటింగు ఉందని, వచ్చే ఏడు మామ పండు తీసుకోవాలా వద్దా అన్నది అక్కడే తేలుతుందని అందరికీ వినబడేలా అన్నాడు. అత్తమ్మ చెంబు ఇచ్చింది. మూడడుగులకే సగం నీళ్లు ప్యాంటు మీద పోసుకున్నాడు. కూర్చొమ్మంది. ఆయనకు రోషం వచ్చింది. ఈ ఆదివారాలు పెట్టించిందే నేను, నాకే పరీక్షా అని అరిచాడు. మామ తల వంచుకొని నిలబడ్డాడు. నాలుగెకరాల తీగ, దాని వెనక ఇన్నేళ్ల చాకిరీ ఆ వంచిన తలలో కనిపించాయి నాకు. అత్తమ్మ సల్ల తేవడానికి లోపలికి వెళ్లింది. నేను జాడీలో చెయ్యి పెట్టి, ఆయన తాళంచెవి తీసి ఇచ్చేశాను.

ఆమె గ్లాసుతో వచ్చేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది. ఆమె నోట మరాఠీ కూడా రాలేదు. గ్లాసు గడప మీద పెట్టి, వెళ్లి తోట గేటు దగ్గర రాయి మీద కూర్చుంది. ఎండలో తల మీద కొంగు కూడా వేసుకోలేదు. నేను ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మామ వచ్చి అన్నం తినమంటే వినబడనట్టే ఉంది. రెండున్నర గంటలు రోడ్డు చూస్తూ కూర్చుంది. ఆ రెండున్నర గంటల్లో ఆ రాయి పక్కన నిలబడి నేను మొక్కని దేవుడు లేడు. అయిదున్నర దాటాక ఆయన ఫోన్ ఎత్తాడు. అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఇంట్ల ఉన్నవా, తొవ్వల ఉన్నవా? నీ పక్కన ఎవరున్నరో ఆళ్లకియ్యి."

ఎవరో ఆడగొంతు పలికింది, ఆయన భార్య అయ్యుండాలి. అది విన్నాక ఫోన్ నాకిచ్చేసింది. అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా.

"మా తమ్మునికి చాబీ ఇచ్చింది నేనే. పెండ్లిల తాగిండని గుంజుకొని నా కొంగుకు కట్టుకున్న. బతిలాడిండు. అందరు సూస్తున్నరు, ఇజ్జత్ పోతాంది అక్కా అన్నడు. ఇప్పి ఇచ్చిన."

ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఆమె ఏడవలేదు. చీర దులుపుకొని లేచి, ఇంటికి నడుస్తూ, "ఇగ జాడీ నీ దగ్గరనే ఉండాలె" అంది. శిక్ష వేస్తుందనుకుంటే జాడీ అప్పగించింది. నాకు తెలిసి అంతకన్నా పెద్ద నమ్మకం ఇంకెవరూ నా మీద పెట్టలేదు. ఆ తర్వాత ఎంత పెద్ద మనిషి వచ్చి ఎంత రంకెలేసినా నా చెయ్యి జాడీలోకి పోలేదు. మేనేజర్ కూడా తర్వాతి ఆదివారం దిగగానే, ఎవరూ అడగకుండా తన తాళంచెవి ముందుగా వేశాడు. పండు తీసుకోవడమూ మానలేదు. ఎందుకు మానలేదో నేను అడగలేదు.

ఆమె పోయిన రోజు వచ్చినవాళ్లలో ఆ మేనేజర్ ఉన్నాడు. నేరుగా వెళ్లి చివరి తీగ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పండు అప్పుడప్పుడే రంగు తిరుగుతోంది. కోత ఎప్పుడని మామను ఎవరో అడిగితే, మామ ఒక పండు తెంపి నోట్లో వేసుకొని గింజ కొరికాడు. ఆయన అలా చేయడం నేను అంతకుముందు చూడలేదు. ఇంకా ఆగాలె అన్నాడు.

పదో దినం అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. నేనూ మర్నాడు బడికి పోవాలి, చీకటి పడేలోపు చిద్రి చేరాలి. వచ్చినప్పుడు అలవాటుగా స్కూటీ తాళంచెవి జాడీలో వేసినట్టున్నాను. తీసుకోవడానికి గడప దగ్గరికి వెళ్తే, మామ జాడీ పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో రాగి చెంబు. అంచు దాకా నీళ్లు.

"నేనేం తాగలేదు కదా మామా" అన్నాను.

"ఎరుకే" అన్నాడు.

చెంబు తీసుకొని వరుసలోకి నడిచాను. ఎన్ని వందల మందిని ఈ వరుసలో నడిపించి ఉంటానో. ఒక్కసారి కూడా నేను నడవలేదు. మొదటి రాతి స్తంభం దాకా బాగానే పోయాను. రెండో స్తంభం దగ్గర, ఆమె నిలబడే చోటు వెనక ఉందని, అక్కడ ఆమె లేదని ఒంటికి తెలిసింది. చేతులు ఆగలేదు. నీళ్లు నా పాదాల మీద పడ్డాయి, దారి మీద పడ్డాయి. చివరి తీగ దగ్గరికి చేరేసరికి చెంబులో అడుగున ఇన్ని మిగిలాయి. అవే పోసి వెనక్కి వచ్చాను.

మామ నా ముఖం చూడలేదు. నేల చూశాడు.

"కూసో బిడ్డా" అని సల్ల తేవడానికి లోపలికి పోయాడు.

కూర్చున్నాను. ఎర్రమట్టి మీద తడి మచ్చలు రెండో స్తంభం నుంచి చివరి తీగ దాకా వరుసగా కనిపిస్తున్నాయి. అవి ఆరేదాకా నేనిక్కడే ఉండాలి.