ఉప్పునీళ్ల తొట్టికి పట్టిన పురుగు

మా హెడ్డు సార్ అప్పటికి ఇరవై ఏళ్లుగా సముద్ర జీవుల పాఠం చెబుతున్నాడు. సముద్రాన్ని మాత్రం చూసింది రెండే రోజులు. అది కూడా విద్యార్థులతో విశాఖపట్నం టూరుకు వెళ్లి, ఇసుకలో బూట్లు పాడవుతాయని అల్లంత దూరంలో నిలబడి. ఎనభైల మొదట్లో వరంగల్‌లోని ఒక కాలేజీలో, ఆయన నడిపే జంతుశాస్త్ర విభాగంలో నేను ప్రాక్టికల్స్ చేయించే టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్‌ని. ఆ టూరు నుంచి ఆయన పది ప్లాస్టిక్ డబ్బాల సముద్రపు నీళ్లు, తడి గోనెసంచిలో చుట్టిన రెండు రాళ్లు, నాలుగు చేపలు రైల్లో తెచ్చాడు. వరంగల్ రాకముందే చేపలు చచ్చాయి. "తెలంగాణల ఏ కాలేజీల లేదు గిసొంటి ఉప్పునీళ్ల అక్వేరియం" అని కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాడు. రెండు రాళ్లను చూడటానికి ఊరంతా కదిలి రావాలట!

ఆ తొట్టిని చూసుకునే పని ముసలి అటెండర్‌ది. అందరం ఆయన్ని చాచా అనేవాళ్లం. వారం తిరగకముందే ఒకరోజు నన్ను పిలిచాడు.

"బిడ్డా, జర ఇటు రా. సప్పుడు జెయ్యకు. రాయిలకెల్లి ఏందో పువ్వొస్తాంది."

వెళ్లి చూశాను. రాతి బొక్కలో వేలెడంత గొట్టం. దాని మూతిలోంచి ఊదారంగు ఈకల కుచ్చు మెల్లగా విచ్చుకుంటోంది. రికార్డు పుస్తకంలో పెన్సిలుతో పదిసార్లు గీసిన బొమ్మే అది, సబెల్లా అనే సముద్రపు పురుగు! మా బీరువాలో ఫార్మలిన్ సీసాలో కూడా ఒకటి ఉంది, ఉడికిన సేమ్యాలా పాలిపోయి. ప్రాణంతో ఇంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పేవాడు చూసి ఉంటే కదా. అద్దం మీద చుక్కల్లా పాకేవి, దారాల్లాంటి చేతులు చాచే చిన్న నక్షత్రం, ఇంకా ఏవేవో బయటికి వచ్చాయి. పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కదాని పేరు వెతికాను. పేరు దొరకనివాటి బొమ్మలు నోటుబుక్కులో గీసుకున్నాను. "ఇయ్యాల ఇంకోటి మొకం సూపెట్టింది" అని చాచా రోజూ కబురు మోసేవాడు.

సార్‌కు చెప్పాను. నా బుద్ధి గడ్డితిని చెప్పాను. ఆయన టార్చిలైటు పట్టుకుని దబదబా వచ్చి అద్దానికి ముక్కు ఆనించాడు. నీడ పడగానే ఈకలు చటుక్కున లోపలికి పోయాయి.

"ఏడున్నది? బొక్క ఉన్నది, గంతే."

మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ ఇదే. కాసేపు కదలకుండా కూర్చోవడం ఆయనకు నామోషీ. మా విభాగంలో ఒక దిక్కుమాలిన పద్ధతి ఉండేది. ఏ ప్రాణి దొరికినా ముందు ఫార్మలిన్‌లో వేసి చంపాలి. తర్వాత బీరువాలోని సీసాలతో పోల్చాలి. పోలిక కుదిరితే లేబులు, కుదరకపోతే పారబోత. అద్దం మీద పాకేవాటిని తీయించి అలాగే చేశాడు. మా సీసాల్లో అలాంటివి లేవు. "తొట్టికి పురుగు వట్టింది, బియ్యానికి వట్టినట్టె" అని తేల్చేశాడు. ఎమ్మెస్సీ చదివిన మనిషి!

ఆ వచ్చే సోమవారం యూనివర్సిటీ కమిటీ రావాలి. నన్ను పర్మనెంటు చేయడం కమిటీ చేతిలో ఉంది, సిఫారసు సార్ చేతిలో ఉంది.

"రాళ్లను సలసల కాగే నీళ్లల్ల ఏసి బ్రష్షుతోని రుద్దు. తొట్టి తళతళ మెరవాలె. నీ ఫైలు గూడ ఆనాడే పెడత" అన్నాడు.

"సార్, అవి మన పాఠంలో ఉన్నవే సార్."

"పాఠం నాకు చెప్తవా?"

టీ కాచుకునే స్టవ్ వెలిగించమంటే చాచా కదల్లేదు. "నాతోని కాదు బిడ్డా. జిందా ఉన్నయి. నౌకరీ పోతే పోనియ్" అన్నాడు. ఆయనది పర్మనెంటు నౌకరీ, ఎన్నైనా అంటాడు అనుకున్నాను. నేనే నీళ్లు కాచాను. నేనే రాళ్లు వేశాను. రొయ్యలు ఉడికిన వాసన వచ్చింది.

సోమవారం కమిటీలోని పెద్దాయన, సముద్రం పక్క ఊరివాడట, తిన్నగా తొట్టి దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కదలకుండా చాలాసేపు చూశాడు. "నీట్‌గ మెయింటేన్ చేస్తున్నం సార్" అంటూ మా సార్ చేతులు నలుపుకుంటున్నాడు. పెద్దాయన నావైపు తిరిగాడు.

"ఏమ్మా, ఈ రాళ్లు తెచ్చినప్పుడు వీటిమీద ఏమీ బతికి లేవా? నీకేమీ కనబడలేదా?"

నోటుబుక్కు నా చేతిసంచిలోనే ఉంది. తలుపు దగ్గర చాచా నా నోటివైపే చూస్తున్నాడు.

"లేవు సార్. ఉత్త రాళ్లే" అన్నాను.

ఆ నెలలోనే ఆర్డరు వచ్చింది. మా నాయన మగ్గం ఆపి మేముండే కాశిబుగ్గలో వాడంతా మిఠాయి పంచాడు. మా సార్ పేరెత్తితే ఇప్పటికీ నోటికొచ్చినట్టు తిడతాను. కానీ ఆయనకు ఆ పువ్వు ఒక్కసారి కూడా కనబడలేదు. నేను రోజూ చూశాను, చూసి ఉడకబెట్టాను.