గేజికి పూసిన పసుపు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చేసిన తప్పు గురించి మనం నోరెత్తకుండా ఉంటే, తడిగోడ ఆరినట్టు అది దానంతటదే ఆరిపోతుందని. డిగ్రీ పూర్తయిన కొత్తలో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఆ నమ్మకాన్ని పట్టుకుని ఒక పగలూ ఒక రాత్రీ గడిపాను. ఈలోగా మూడుసార్లు కంచం ముందు కూర్చుని, మూడుసార్లూ కడుపునొప్పని లేచిపోయాను. (అమ్మ ఇచ్చిన వాము నీళ్ళు మాత్రం తప్పలేదు. లేని కడుపునొప్పికి వాము నీళ్ళు ఎంత ఘాటుగా ఉంటాయో తాగినవాళ్ళకే తెలుసు.)

నా మొదటి ఉద్యోగం నిడదవోలులో, రైలు కట్ట పక్కనున్న ఒక రేకుల షెడ్డులో. అక్కడ బొమ్మ రైళ్ళకు పట్టాలు తయారుచేసేవారు. పిల్లలు ఆడుకుని విరగ్గొట్టే ప్లాస్టిక్ రకం కాదు. అసలు ఇంజనుకు అచ్చు నకలుగా ఉండే చిన్న ఇంజన్లను ఇంట్లో ఒక గది నిండా నడుపుకుని మురిసిపోయే పెద్దమనుషులు కొందరుంటారు; వాళ్ళ కోసం, అగ్గిపుల్లలంత చెక్క స్లీపర్ల మీద ఒక్కొక్క మేకూ చేత్తో కొట్టి చేసే పట్టాలు. "జంక్షనులో కూర్చుని బొమ్మ పట్టాలేంటండీ!" అని ఊరు నవ్వుకునేది. యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయన, ఆయన భార్య మామ్మగారు, కొడుకు చిన్నసారు, చివర్లో చేరిన నేను. కంపెనీ అంటే అంతే. నా పని ఫోన్లు, ఉత్తరాలు, పెట్టెలు కట్టడం. కట్ట మీద గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా షెడ్డంతా వణికేది. అప్పుడు అందరూ పని మీంచి చేతులు పైకెత్తి బండి దాటేదాకా అలాగే ఉండాలి, లేకపోతే మేకు పక్కకు దిగుతుంది. చేరిన మొదటిరోజు నేను దాన్ని ప్రార్థన అనుకుని కళ్ళు కూడా మూసుకున్నాను.

ఆ షెడ్డుకు ప్రాణమంతా గేజి అనే చిన్న ఇత్తడి ముక్కలో ఉండేది. దాన్ని రెండు పట్టాల మధ్య పెట్టి, పట్టాలను అటూ ఇటూ దానికి ఆనించి మేకులు కొట్టాలి. ఎడం కాస్త ఎక్కువైతే చాలు, ఇంజను చక్రాలు లోపలికి జారిపోతాయి. పెద్దాయన వయసులో ఉన్నప్పుడు స్వయంగా ఆకురాయితో అరగదీసి చేసుకున్న ముక్క అది. మామ్మగారు కూడా ముట్టుకోవాలంటే ఆయన్ని అడగాల్సిందే.

నేను చేరిన ఏడాదికే షెడ్డు మూసేయాలని తేలిపోయింది. పట్టాలకు లోహం పంపేవాళ్ళు ఇక పంపలేమన్నారు. పెద్దాయన చూపు మందగించింది. చిన్నసారుకు రొయ్యల మేత ఏజెన్సీ వచ్చింది, ఆయనకు గోడౌను కావాలి. దసరా వెళ్ళాక చివరి ఆర్డరు అప్పజెప్పి తాళం వేద్దామనుకున్నారు. ఆ చివరి ఆర్డరు రాజమండ్రి గార్డుగారిది. రైల్వేలో గార్డుగా రిటైరై, మేడ మీద గదిలో సొంత లైను వేసుకున్న మనిషి. శనివారం తన ఇంజను తెచ్చుకుని, నడిపి చూసుకుని మరీ తీసుకెళ్తానన్నారు. నలభై పట్టా ముక్కలు కావాలి. ఉన్న లోహం సరిగ్గా దానికే సరిపోతుంది. "ఇన్నేళ్ళలో నా పట్టా మీంచి ఒక్క బండీ పడలేదమ్మాయ్. ఈ నలభై కూడా దాటిపోతే తలెత్తుకుని తాళం వేస్తాను" అన్నారు పెద్దాయన.

ఏటా ఆయుధపూజ నాడు పనిముట్లకు బొట్లు పెట్టేది మామ్మగారు. ఆ ఏడు ఆవిడ మెట్ల మీద జారిపడి కుడిచేతికి కట్టుతో ఉన్నారు. "నువ్వు పెట్టెయ్యమ్మా" అన్నారు.

"మేం చర్చికెళ్ళేవాళ్ళమండీ. నాకు రాదండీ."

"బొట్టు పెట్టడానికి పరీక్ష రాయాలా ఏంటి? చెయ్యి ఎవరిదని దేవుడు అడుగుతాడా?"

అంత నమ్మి అప్పగించారు కదా అని నాకు ఒళ్ళంతా భక్తి వచ్చేసింది. ఆ లూథరన్ చర్చి పిల్ల మర్యాద తక్కువ చేసిందని రేపు ఎవరూ అనకూడదు. సుత్తులకు, పట్టకార్లకు బొట్లు పెట్టాను. షెడ్డుకు ప్రాణం కదా అని గేజికి మాత్రం గడపకు పూసినట్టు నాలుగు అంచులా నిండుగా పసుపు పూశాను. ఆరాక రాలిపోతే అపచారమంటారేమోనన్న భయంతో, పసుపులో స్లీపర్లు అంటించే బంక ఒక చుక్క కలిపాను. (ఆ చుక్క ఆలోచన వచ్చినప్పుడు నా తెలివిని నేనే మెచ్చుకున్నాను.) ఇత్తడీ పచ్చనే, పసుపూ పచ్చనే. ఆరేసరికి ఏది ఏదో నాకే తెలియలేదు.

పండగ వెళ్ళాక వారంలో నలభై ముక్కలూ తయారయ్యాయి. గురువారం పొద్దున్న వాటిని నేల మీద గుండ్రంగా పేర్చి చిన్న ఇంజను వదిలారు. అది మొదటి వంపు దగ్గరే కుంటి మేకలా కూలబడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పడింది. వంపు మార్చారు, ఇంజను మార్చారు, అయినా పడింది. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని పట్టాల మధ్య గేజి పెట్టి చూశారు. అది చక్కగా సరిపోయింది. (దాంతో చేసినవే కదా, సరిపోక ఏం చేస్తుంది?) ఆయన చాలాసేపు తన చేతులవైపే చూసుకుని, "గేజి బాగానే ఉంది. నా చెయ్యే పోయింది" అన్నారు.

గేజిని డబ్బాలో పెట్టమని నాకిచ్చారు. ఒక మూల చిన్న పెచ్చు ఊడి, కింద ఇత్తడి మెరుస్తోంది. పట్టాల ఎడం పెంచింది నా పసుపు మందమేనని అప్పుడు అర్థమైంది. గబగబా డబ్బా మూత పెట్టి, దాని మీద ఇంకో డబ్బా, దాని మీద టెలిఫోను డైరెక్టరీ పెట్టాను. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, ఒకసారి "టీ తాగుతారా అండీ" అనీ, ఇంకోసారి "ఎండ బాగా ఉందండీ" అనీ అన్నాను. మబ్బు పట్టి ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థనలో మా నాన్న "ప్రభువా, ఆ పట్టాల పెద్దాయన ఆఖరి పని సవ్యంగా ముగించు" అన్నారు. ఆమెన్ అనాల్సిన చోట నేను దగ్గాను.

శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆయన సుత్తులన్నీ గోనెసంచిలో వేసి, మూతి కట్టేసి కూర్చున్నారు. చిన్నసారు చేతిలో ఫోను. "గార్డుగారిని రావద్దని చెప్పేదా నాన్నా?"

"చెప్పు. మా నాన్న చెయ్యి పోయిందని చెప్పు. దాచడం దేనికి?"

అంతలో కట్ట మీదికి గూడ్సు బండి వచ్చింది. చెయ్యడానికి పని లేకపోయినా, అలవాటుగా అందరి చేతులూ పైకి లేచాయి. షెడ్డు వణికింది, బల్ల వణికింది. పెద్దాయన చేతులు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. అవి చూశాక ఇక నావల్ల కాలేదు. "పసుపు పూసింది నేనేనండీ! బంక కలిపానండీ!" అని అరిచేశాను. గూడ్సు రొదలో ఒక్క ముక్కా ఎవరికీ వినపడలేదు. బండి వెళ్ళాక "ఏంటమ్మా అంటున్నావ్?" అన్నారు. ఒకసారి చెప్పడానికే ఒక పగలూ ఒక రాత్రీ పట్టిందా, ఇప్పుడు అదే మళ్ళీ మొదటినుంచి చెప్పాలి.

ఏడుస్తూనే చెప్పాను. డైరెక్టరీ, పై డబ్బా తీసి గేజి చేతికిచ్చాను. ఆయన అంచును గోటితో గీకారు. పచ్చటి పెచ్చు లేచింది.

"బంక కలిపావా?"

"ఒక్క చుక్కండీ."

"మన బంకేనా?"

"మన బంకేనండీ."

"అదీ సంగతి. వారం రోజులు పట్టాలకేసి నొక్కినా ఊడలేదు చూశావురా!" అన్నారు కొడుకుతో, గర్వంగా. తర్వాత షెడ్డు వెనకున్న వాళ్ళ ఇంటివైపు తిరిగి, "ఏమేవ్! నా చెయ్యి పోలేదే!" అని కేకేశారు.

"పోలేదని నిన్నటినుంచీ మొత్తుకుంటున్నాను, వింటేగా" అన్నారు మామ్మగారు లోపలినుంచి.

నేనూ నవ్వబోయాను. ఆయన నావైపు చూసి నెమ్మదిగా, "పసుపు పూసినందుకు నాకేం బాధ లేదమ్మా. నిన్నంతా నన్నలా కూర్చోబెట్టావు చూడు, అదే..." అని ఆపేశారు. ఆ మాట మిగతా సగం నేను ఇప్పటికీ పూర్తి చేసుకుంటూనే ఉంటాను.

గేజి అంచులు శుభ్రంగా గీకి, సంచి మూతి విప్పారు. ఒక్కో ముక్కకూ ఒకవైపు పట్టా ఊడదీయడం, లోపలికి జరపడం, మళ్ళీ మేకులు కొట్టడం. మేకులు పీకే పని నాది. మామ్మగారు ఎడమచేతి వేలితో ప్రతి ముక్కా తడిమి చూశారు. చీకటి పడకముందే నలభై ముక్కలూ అయిపోయాయి. ఆ రాత్రి ఇంట్లో నేను మూడోసారి అన్నం వడ్డించుకుంటుంటే, ఈసారి అజీర్తి చేస్తుందేమోనని అమ్మ వాము డబ్బా వెతుక్కోవడం గుర్తుంది.

శనివారం గార్డుగారు నేల మీద బాసింపట్టు వేసుకుని, జేబులోంచి ఆకుపచ్చ చేతిరుమాలు తీసి ఊపారు. ఇంజను బయల్దేరింది. పన్నెండు చుట్లు తిరిగింది, ఎక్కడా పడలేదు. పెద్దాయన ఇంజనును కాకుండా తన చేతుల్నే చూసుకుంటున్నారు. మధ్యాహ్నం తలెత్తుకునే తాళం వేశారు. గేజి నా చేతిలో పెట్టి, "దీనికి పూజ చేసిన ఆఖరిదానివి నువ్వే. ఉంచుకో" అన్నారు. సోమవారానికి అక్కడ మేత బస్తాలు దిగాయి. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ కట్ట మీద గూడ్సు వెళ్తుంటే, బస్సులో ఉన్నా సరే, నా చేతులు ఇప్పటికీ పైకి లేస్తాయి.

ఇప్పుడు నేనొక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మొన్న దసరాకు పిల్లలు స్కేళ్ళకు, కంపాసులకు, కంప్యూటరుకు బొట్లు పెడుతూ నా బల్ల దగ్గరికొచ్చారు. ఒక పాప బల్ల మీదున్న గేజి తీసి పసుపు గిన్నెలో వేలు ముంచింది. "అంచులకు వద్దమ్మా!" అని క్లాసు అదిరిపోయేలా అరిచాను. పాప బిక్కమొహం వేసి, "తప్పు చేశానా టీచర్?" అంది. లేదమ్మా, చేసిన అమ్మాయి వేరే ఉంది, అది అప్పట్లోనే వాము నీళ్ళు తాగింది అని చెప్పాలనిపించింది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. గేజిని వెల్లకిలా పెట్టి, సరిగ్గా నడిమధ్యన ఒక్క చిన్న బొట్టు పెట్టించాను.