గ్రీకోడు రాసీసిన కథ

మా ఇంగ్లీషు మాస్టారితో సినిమాకి వెళ్ళడమంత శిక్ష గరివిడిలో మరొకటి లేదు. కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్న పాపానికి, కొత్త సినిమా వస్తే మ్యాట్నీకి నన్నే తోడు లాక్కెళ్ళేవారు. హీరో తండ్రిని ఎదిరించగానే చీకట్లో ఆయన చూపుడు వేలు లేచేది.

"ఇది గ్రీకోడు ఎప్పుడో రాసీసినాడ్రా!"

ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి గుర్రుగా చూసేవారు. దెయ్యం సినిమా అయినా, ఓటీటీలో మాఫియా సిరీస్ అయినా, ఫోన్‌లో రీల్ అయినా ఆయన లెక్కలో మూలం గ్రీకులే. మనవాళ్ళు సొంతంగా కనిపెట్టింది ఇంటర్వెల్ ఒక్కటేనని ఆయన తీర్మానం.

పగబట్టిన రెండు కుటుంబాల మధ్య ప్రేమకథ వస్తే మాత్రం మనిషి కరిగిపోయేవారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, "పెద్దోళ్ళ మూర్ఖత్వానికి పిల్లలు బలైపోతన్నారు, సూడు" అనేవారు. చేతిలో పాప్‌కార్న్ మాత్రం వదిలేవారు కాదు.

మొన్న వేసవిలో ఆయన కూతురు వేరే కులం కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంటానంది. ఆ సమయానికి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మాస్టారు అరిచారు, ఆమె చేతిలో ఫోన్ లాక్కున్నారు. ఆ పిల్ల బెదరలేదు.

"నాన్నా, ఇది కూడా గ్రీకోడు రాసీసిందేనా?" అని అడిగింది.

అలవాటుగా వేలు లేచింది. ఆ రోజు మాత్రం అది గ్రీసు దాకా పోలేదు. గోడకున్న టీవీ వైపు తిరిగి ఆగిపోయింది.

"ఈ దిక్కుమాలిన తెలుగు సినిమాలు సూసే సెడిపోనావే నువ్వు!"