కొవ్వు బురుజు రోసినత్త

టర్కీ సైన్యాలొస్తే దాక్కోవడానికి తాతలు కట్టిన మా చర్చి కోటగోడలో ఒక బురుజు నిండా ఊరందరి పందికొవ్వు ఉప్పు పట్టి వేలాడుతుంది. దాని తాళంచెవి రోసినత్త మెడలో సిలువకన్నా పెద్దదిగా ఊగుతుంటుంది. బాణాలు వేసే కంతల్లోంచి వచ్చే గాలిని, కొవ్వు చెడిందేమోనని, ఆమె రోజూ ముక్కెగరేసి పీలుస్తుంది. ఆదివారం ఎవరి ముక్క వాళ్లు కోసుకోగానే, మరొకరు ముట్టకుండా కోసినచోట ముద్ర కొడుతుంది. మొన్న ఆదివారం ఊరంతా చేరినప్పుడు ఆండ్రియాస్ కొవ్వు మీద ముద్ర లేని కోత కనబడింది.

"దొంగెవరో చెప్పత్తా, లేదా తాళంచెవి ఇచ్చెయ్యి!" అని అరిచాడు ఆండ్రియాస్.

రోసినత్త మొహం ఎర్రబడింది. "నేనేరా. ముప్పై ఏళ్లుగా అందరిదీ వాసన చూడటమేగా! ఒక్కసారి రుచి చూశాను. ఉప్పెక్కువైంది, నాయనా."

"ఉప్పెక్కువా? మా ఆవిడ చేతిదా?" ఆండ్రియాస్ తాళంచెవి మాటే మరిచి పెద్ద ముక్క కోశాడు. "ఈసారి సరిగ్గా నమిలి చెప్పు!"

అతని వెనక ఊరంతా తలో ముక్కా కోసుకుని, తమది కూడా రుచి చూడమని వరసలో నిలబడింది.