పిల్లిపీచర గుట్టకు మళ్లీ రావద్దన్నారు

పిల్లిపీచర, అంటే శతావరి గడ్డల లేహ్యం మా ఇంట్లో బాలింతలందరూ తిన్నదే. ఆ గడ్డలు ఇప్పటికీ అడవి నుంచే వస్తున్నాయని, మొక్క చావకుండా తవ్వేవాళ్లు నారాయణఖేడ్ వైపు ఉన్నారని తెలిసి, వాళ్ల పద్ధతి రాసుకుందామని బయల్దేరాను. హైదరాబాద్‌లో తెల్లవారుజామున బస్సెక్కితే సంగారెడ్డి, జోగిపేటల మీదుగా టిఫిన్ వేళకు నారాయణఖేడ్ చేరొచ్చు. అక్కడ ఖాజా అనే అతని ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ బాడుగ బస్సు టికెట్టు కన్నా ఎక్కువే. కంగ్టి దాటాక, ముందే ఫోన్‌లో మాట్లాడి పెట్టుకున్న సాయమ్మ ఎక్కింది. గడ్డలు తవ్వి అమ్ముకుని బతికే మనిషి, చేతిలో చిన్న గడ్డపార.

కందిచేలు దాటి, ఆటో కింద ఆపి గుట్టెక్కాం. పిల్లిపీచర ముళ్ల తీగలను ఫొటోలు తీస్తుండగానే కింది నుంచి కేక వినిపించింది. ఆ చేల రైతులు ముగ్గురు కర్రలతో పైకి వస్తున్నారు. ముందున్న పెద్దాయన శివప్ప అప్పటికే ఆటో తాళంచెవి లాక్కున్నాడు. వెనకాలే ఖాజా బతిమాలుతూ వస్తున్నాడు.

"పోయినేడు గిట్లనే ఒకడు ఫోటోలు దీస్కపోయిండు. ఎన్కనే డీసీఎం బండి వచ్చింది. గా పక్క గుట్ట మీద ఒక్క తీగ మిగల్లే. నువ్వెవని మనిషివి?" అన్నాడు శివప్ప.

"రాసుకోవడానికి వచ్చానండీ."

"వాడు గూడ గదే జెప్పిండు."

"కాకా, నాది సవారీ అంతే. చావీ ఇయ్యి," అన్నాడు ఖాజా. శివప్ప వినలేదు. సాయమ్మ వైపు తిరిగాడు. "నిన్ను నమ్మితిమి. ఇగ నువ్వు గూడ గుట్టెక్కకు."

నా వల్ల ఆమె బతుకుదెరువు పోతోంది.

సాయమ్మ ఒక తీగ దగ్గర కూర్చుంది. ఒక పక్కనే మట్టి తీసి, కొన్ని గడ్డలు కోసుకుని, మిగతావి ముట్టకుండా మట్టి కప్పి తొక్కింది. లేచి, "గుంజి సూడు పటేలా. ఊగితే గీ గడ్డపార నీకే ఇచ్చిపోత," అంది.

శివప్ప నిజంగానే వంగి గుంజాడు. తీగ కదల్లేదు.

లేచి, నా ముందు చెయ్యి చాచాడు. "ఫోన్ తియ్యి. అన్ని కొట్టెయ్."

నా పనికి ఆధారం ఆ ఫొటోలే. ఆయన చూస్తుండగా అన్నీ చెరిపేశాను. అప్పుడు తాళంచెవి ఖాజా చేతిలో పెట్టాడు. "సాయమ్మా, నువ్వు ఎప్పటిలెక్క రా. గీమెను మల్ల తేకు."

తిరుగు దారిలో ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నేను ఎవరి మనిషినో తెలుసుకునే దారి ఆయనకు లేదు మరి. తవ్వే పద్ధతే మొక్కను కాపాడుతుందనుకుని వెళ్లాను. అది ఎక్కడుందో చెప్పకపోవడం కూడా ఆ పద్ధతిలో భాగమేనని గుట్ట మీద అర్థమైంది. అందుకే ఊరి పేరు రాయడం లేదు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు గుట్టెక్కక ముందే పక్క చేను వాళ్లను కలిసి అడగండి. వద్దంటే ఆటో వెనక్కి తిప్పించండి.